ఒకే ప్రాసెస్‌లో రెండు జీటీకేలు

నిన్న రాత్రి గొంతు రికార్డింగుకు ఒక కంప్రెసర్ ప్లగిన్ (శబ్దంలో హెచ్చుతగ్గులను తగ్గించే అనుబంధ ప్రోగ్రామ్) జోడించి దాని విండో తెరవబోయాను. ప్లగిన్లను నడిపే హోస్ట్ ప్రోగ్రామ్ మొత్తం మూతపడింది. నలభై నిమిషాల దిద్దుబాట్లు పోయాయి. టెర్మినల్ నుంచి మళ్లీ నడిపితే కారణం కనిపించింది: హోస్ట్‌ను జీటీకే 2తో, ప్లగిన్ విండోను జీటీకే 3తో నిర్మించారు. జీటీకే అంటే లినక్స్‌లో విండోలు, బటన్లు గీసే టూల్‌కిట్; 2, 3 దాని రెండు తరాలు.

ఈ రెండూ ఒకే ప్రాసెస్‌లో, అంటే నడుస్తున్న ఒకే ప్రోగ్రామ్‌లో, ఇమడవు. వాటిలో చాలా ఫంక్షన్లకు ఒకే పేరు. పైగా జీటీకేకు ఆధారమైన జీఆబ్జెక్ట్ వ్యవస్థలో రకాల పట్టిక ప్రాసెస్ అంతటికీ ఒక్కటే కాబట్టి, ఒకే పేరున్న విడ్జెట్ (బటన్, స్లైడర్ వంటి భాగం) రకం అందులో రెండోసారి నమోదు కాదు. డీఎస్ఎస్ఐ అనే పాత ప్లగిన్ పద్ధతిలో ప్లగిన్ విండో వేరే ప్రాసెస్‌గా నడుస్తూ హోస్ట్‌తో ఓఎస్‌సీ అనే ప్రోటోకాల్ సందేశాలతో మాట్లాడేది. ఆ జాగ్రత్త ఎంత విలువైనదో ఇప్పుడు అర్థమవుతోంది! ఆ తర్వాతి ప్లగిన్ పద్ధతి ఎల్‌వీ2లో సూయిల్ అనే లైబ్రరీ, క్యూటీ అనే మరో టూల్‌కిట్ విండోను జీటీకే హోస్ట్‌లో పొదగగలదు గానీ, జీటీకే రెండు తరాలను కలపలేదు.

ప్లగిన్లు రాసేవారు ఈ పెద్ద టూల్‌కిట్లను వదిలేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. హోస్ట్ ఇచ్చే ఎక్స్11 (లినక్స్‌లో తెరపై విండోలను చూపే పాత వ్యవస్థ) విండో సంఖ్యను తీసుకుని, పగ్ల్ వంటి చిన్న లైబ్రరీతో అందులో తామే బొమ్మ గీసుకోవచ్చు. ఆ లైబ్రరీని స్టాటిక్‌గా లింక్ చేసి, అంటే ప్లగిన్ ఫైల్‌లోనే కలిపేసి, సింబల్స్‌ను (దాని ఫంక్షన్ల పేర్లను) బయటికి కనిపించకుండా దాచాలి. ఎక్స్11 స్థానంలో వచ్చిన వేలాండ్‌లో ఇలా విండో సంఖ్యతో పొదగడానికి వీలు లేదు. ప్రస్తుతానికి, వేలాండ్‌పై ఎక్స్11 ప్రోగ్రాములను నడిపే ఎక్స్‌వేలాండ్ ఆదుకుంటోంది.

ఆ కంప్రెసర్‌ను ఇప్పుడు హోస్ట్ చూపే సాధారణ స్లైడర్లతో వాడుతున్నాను. అటాక్, రిలీజ్ (కంప్రెసర్ ఎంత త్వరగా పట్టాలి, ఎంత త్వరగా వదలాలి) అన్నీ ఉన్నాయి. గెయిన్ తగ్గుదలను, అంటే శబ్దాన్ని ఎంత తగ్గిస్తోందో, చూపే మీటర్ మాత్రం లేదు, నాకు అన్నిటికన్నా అవసరమైనది అదే.