కొండ మెట్ల మీద మూడో దేవ రహస్యం

విజయవాడలో మరియతల్లి కొండ ఉన్న గుణదల నుంచి వచ్చి నాలుగు రోజులైంది. కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు, అయినా వేడి మీదున్నప్పుడే రాసేయాలని కూర్చున్నాను.

మొక్కు మా అమ్మది. నాకు బ్యాంకు ఉద్యోగం వస్తే కొండెక్కించి కొబ్బరికాయ కొట్టిస్తానని మరియతల్లికి మొక్కుకుంది. జనవరిలో రిజల్ట్ వచ్చింది. అంతా ఆ తల్లి దయ. మోకాళ్ల నొప్పులతో అమ్మ రాలేకపోయింది, మా విచారణ, అంటే మా ఊరి చర్చి వాళ్లతో నన్ను పంపింది.

నిజం చెప్తున్నాను, వాళ్లతో వెళ్లడం నాకు ఇష్టం లేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం పోయి శ్రీకాకుళం వచ్చేశాక ఏడాదిన్నర ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. ఆదివారం పూజకి వెళితే చాలు, గుడి బయట అదే వరస. "ఏటమ్మా, ఇంకా ఖాళీయేనా? పెళ్లెప్పుడు?" చిన్నపిల్లలకు సత్యోపదేశం క్లాసులున్నాయి, పెళ్లయినవాళ్లకు సంఘాలున్నాయి, 26 ఏళ్లదానికి ఏమీ లేదు. మెల్లగా మానేశాను. మానేసినందుకు మళ్లీ మాటలు. మా మేత్రాసనం, అంటే మా బిషప్‌గారి కింద ఉన్న చర్చిలన్నీ కలిపిన ప్రాంతం, ఏర్పడింది 1993లో, అంటే దానిదీ ఇంచుమించు మా అక్క వయసే, కానీ పూజలో చూస్తే ఆ వయసు వాళ్లే కనబడరు. సగంమంది విశాఖ, హైదరాబాద్, చెన్నై వలసపోయారు. ఊళ్లో ఉన్న కుర్రాళ్లు పూజ అయ్యేదాకా బయట బైకుల దగ్గరే నిలబడతారు.

ఆమదాలవలసలో రైలెక్కి తెల్లారేసరికి విజయవాడలో దిగాం. ఫిబ్రవరి 10, గుణదల తిరునాళ్ల రోజులు. ఇక ఆ జనం! కొవ్వొత్తుల పొగ, చంటిపిల్లల ఏడుపులు, సెల్ఫీల కోసం మెట్ల మధ్యలో ఆగిపోయేవాళ్లు. తల్లి దగ్గరికి వచ్చి కూడా ఈ తోసుకోవడం ఏమిటని చాలా కోపం వచ్చింది. చెప్పు తెగింది, మావాళ్లు తప్పిపోయారు, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. టెన్షన్‌తో ఏడుపొచ్చి ఒక మెట్టు మీద ఓరగా కూర్చుండిపోయాను.

పక్కన ఒక మామ్మగారు. తెనాలి వైపట. నీళ్ల సీసా ఇచ్చారు. ఉద్యోగం అడగలేదు, పెళ్లి అడగలేదు, పేరడిగారు. కాసేపాగి తన జపమాల నా చేతిలో పెట్టి, "నాకు ఆయాసంగా ఉంది తల్లీ, మూడో దేవ రహస్యం మీరు చెప్తారా?" అన్నారు. జపమాల ప్రార్థనలో ఐదు భాగాలుంటాయి, ఒక్కో భాగం ఒక్కో దేవ రహస్యం.

నన్ను "మీరు" అన్నారు. ఆవిడ వయసెక్కడ, నా వయసెక్కడ. 1858లో ఫ్రాన్సులోని లూర్దులో మరియతల్లి కనబడింది 14 ఏళ్ల బీదపిల్ల బెర్నదెత్తకు కదా, పదిహేను రోజులు ఇక్కడికి వస్తారా అని ఆ పిల్లను "మీరు" అనే అడిగిందట. చిన్నప్పుడు సత్యోపదేశం చెప్పే ఉపదేశిగారు చెబితే విన్నాను, ఆ మెట్టు మీదే అర్థమైంది.

జపమాలలో పదేపదే చెప్పే మరియతల్లి ప్రార్థన, మంగళవార్త, పైకి చెప్పి ఎన్నేళ్లయిందో, గొంతు వణికింది. నాలుగో మంగళవార్తకు చుట్టూ ఉన్నవాళ్లు కూడా అందుకున్నారు, తోసుకునేవాళ్లు కూడా కాస్త ఆగారు.

మరియతల్లి విగ్రహం ఉన్న గుహ ముందు దక్కింది రెండు మూడు క్షణాలే. పూలదండల మధ్య ఆ ముఖం చూశాను, అడుగుదామనుకున్నవేవీ గుర్తు రాలేదు, కళ్లు మాత్రం కారుతూనే ఉన్నాయి. కొబ్బరికాయ కొట్టాల్సిన సంగతి కూడా వెనకాల ఎవరో చెబితేనే గుర్తొచ్చింది.

నిన్న ఆదివారం పూజకి ముందే వెళ్లి ఫాదర్‌గారితో మాట్లాడాను. మా వయసు వాళ్లకు వేరే మీటింగులు వద్దు ఫాదర్, పని చెప్పండి, పూజలో బైబిల్ పఠనం చదవమనండి, పండగ లెక్కలు రాయమనండి, రాని వాళ్లను నలుగురిలో నిలదీయొద్దని పెద్దలకు చెప్పండి అన్నాను. ఆయన చివరిదాకా విన్నారు. వచ్చే ఆదివారం మొదటి పఠనం నాకిచ్చారు. రెండోది చదవడానికి ఇంకొకరిని నేనే తెస్తానన్నాను.

పూజ అయ్యాక బైకుల దగ్గరికెళ్లి ఆ చివర నిలబడే అబ్బాయి పేరడిగాను. ఇన్నాళ్లుగా చూస్తున్నాను, పేరు తెలియదు. చెప్పాడు. చదువుతానని మాత్రం అనలేదు, కానీ రెండో పఠనం ఉన్న పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు.