లెక్కలో నా పేరు

మొన్న ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జనాభా లెక్కలావిడ మా తలుపు తట్టింది. ఫ్రాన్స్‌లో 10,000 లోపు జనం ఉన్న ఊళ్లలో ఐదేళ్లకోసారి ఇల్లిల్లూ తిరిగి రాసుకుంటారు. మా ఊళ్లో ఆవిడకు ఎక్కువ పని ఉండదు. క్రూజ్ అనే జిల్లాలో, వంద మంది కూడా లేని పల్లె ఇది. చాలా ఇళ్ల కిటికీలు ఏడాది పొడుగునా మూసే ఉంటాయి. రొట్టెల వ్యాను వచ్చి హారన్ కొట్టినప్పుడే నలుగురు ఒకచోట కనిపిస్తారు. అయినా ఊరికో మేయర్, కౌన్సిల్ ఉన్నాయి.

నా ఆఫీసు లిమోజ్‌లో. వారానికి రెండు రోజులు వెళితే చాలన్నారు, అద్దె తక్కువని ఈ రాతి ఇల్లు తీసుకున్నాను. గుమ్మం పైన రాతిలో 1847 అని చెక్కి ఉంటుంది. వేలితో తడిమితే ఉలి దెబ్బలు ఇంకా తెలుస్తాయి.

ఆ రోజుల్లో ఈ జిల్లా నిండా జనమే. 1851లో సుమారు 2,87,000 మంది, ఇప్పుడు 1,15,000 దగ్గర. ఇక్కడి మగవాళ్లు తాపీ పనికి పేరు పడ్డారు. మార్చిలో గుంపులుగా పారిస్‌కు నడిచిపోయి, అక్కడ ఇళ్లు కట్టి, చలికాలానికి తిరిగొచ్చేవాళ్లు. సేద్యం, పశువులు ఆడవాళ్ల మీదే. మార్తాన్ నాదో అనే ఇక్కడి కుర్రాడు 1830లో పద్నాలుగేళ్లకే తండ్రి వెంట అలా వెళ్లాడు, తర్వాత పార్లమెంటు సభ్యుడయ్యాడు. రానురాను చాలామంది పారిస్‌లోనే ఉండిపోయారు.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మాది నారాయణపేట దగ్గర పల్లె. పాలమూరు లేబర్ అంటే తెలియనిదెవరికి? మా తాత నాగార్జునసాగర్ కట్టేటప్పుడు రాళ్లు మోశాడు. నాయనమ్మ ఒక్కతే పిల్లల్నీ చేన్నీ చూసుకుంది. ఇప్పుడు మా వాడలోనూ సగం ఇళ్లకు తాళాలే.

పుట్టిన ఊరు అన్న గడిలో ‘నారాయణపేట’ అని రాస్తుంటే లెక్కలావిడ ఆసక్తిగా చూసింది. "పోయినసారి ఈ ఇంటికి ఖాళీ అని రాశామండీ" అంది. ఆ మాటకు నా గొంతు పట్టేసింది. కాఫీ తాగి వెళ్లమన్నాను, కూర్చుంది.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి, ఇక్కడి జనాభా లెక్కలో నన్ను రాసుకున్నారని చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మరి ఈడ నీ పేరు కొట్టేస్తరా బిడ్డా?" అంది.