మూరెడు ప్రభ

సంక్రాంతి వారం రోజుల్లోకి వచ్చేసరికి, తనకొక ప్రభ (దేవుణ్ణి నిలిపి భుజాలమీద మోసుకెళ్ళే, అలంకరించిన వెదురు చట్రం) చేసి పెట్టమని మా ఏడేళ్ళ అబ్బాయి ఈ ఆదివారం పొద్దున్నే పట్టుబట్టాడు. కిందటేడు కనుమనాడు కోనసీమలోని మొసలపల్లి జగ్గన్నతోటలో 11 ఊళ్ళ ప్రభలు ఒక్కచోట చేరడాన్ని నా భుజాలమీద కూర్చుని చూసినప్పటినుంచి వాడి మనసు అక్కడే ఉంది.

నానబెట్టిన సన్నటి వెదురు బద్దలను విల్లులా వంచి, కొబ్బరి మట్ట ముక్కకు గుచ్చి, మూరెడు ఎత్తున చట్రం కట్టడం మొదలుపెట్టాను. ముడి వేసేటప్పుడు పురికొస జారకుండా వాడు బొటనవేలితో అదిమి పట్టుకున్నాడు. నేను కొస లాగిన ప్రతిసారీ ఆ చిన్న గోరు తెల్లబడి, వదలగానే మళ్ళీ ఎర్రబడేది. నొప్పిగా ఉందేమోనని అడిగితే, "లేదు నాన్నా, ఇంకా గట్టిగా కట్టు, చేలల్లో ఊగుతుంది కదా" అన్నాడు.

తప్పు ఆ తరువాత నేనే చేశాను. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థం (జాతర) వెళ్ళినప్పుడు పేపరులో వచ్చిన బొమ్మను దాచుకున్నాను. దాన్ని ఎదురుగా పెట్టుకుని, రంగు కాగితాలను మైదా జిగురుతో అతికిస్తూ, వాడు వంకరగా అంటించినవాటిని రెండుసార్లు ఊడదీసి సరిచేశాను. మూడోసారికి వాడు మాట్లాడకుండా వెళ్ళి బట్టలుతికే బండమీద కూర్చున్నాడు.

కాసేపటికి అక్కడినుంచే అడిగాడు: "నాన్నా, ఇది కాలవ దాటుతుందా?"

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలను పచ్చటి చేలమీదుగా మోసుకొచ్చి, కౌశిక కాలవలోకి దించి, అంత బరువును నీళ్ళలో నిలబెట్టి అవతలి గట్టుకు చేర్చడాన్ని వాడు మరిచిపోలేదు. నీళ్ళలో దిగని ప్రభ వాడి లెక్కలో ప్రభే కాదు. కాగితం తడిస్తే ఊడిపోతుందని నాకు తట్టనే లేదు. "నువ్వన్నదే నిజం, నాన్నా" అని ఒప్పుకుని, కాగితాలన్నీ పీకేశాను.

మా అమ్మ తన పాత జరీచీర అంచు చింపి ఇచ్చింది. ఈసారి చట్రాన్ని నేను పట్టుకుని కూర్చున్నాను, గుడ్డ చుట్టడం వాడు చేశాడు. ఒకపక్క మడత దళసరిగా, మరొకపక్క పలచగా వచ్చింది, చెయ్యి పెట్టలేదు. పని చేస్తున్నంతసేపూ వాడు చెప్పుకుంటూపోయిన కబుర్లలో, బడిలో పక్కన కూర్చునే స్నేహితుడు ఊరు మారి వెళ్ళిపోయాడన్న సంగతి ఒకటి. పది రోజులైందట. రోజూ భోజనాల దగ్గర "బడిలో ఏం జరిగింది?" అని అడుగుతూనే ఉన్నాను, నాకు చెప్పనే లేదు. ఆ మాట విన్నాక చాలాసేపు నాకు నోట మాట రాలేదు. వాడు మాత్రం చూరుకు వేలాడే వరికుచ్చులోంచి, పిచ్చుకలకు మిగిల్చి, నాలుగు కంకులు తెమ్మని నన్ను పంపించాడు. వాళ్ళమ్మ ఇచ్చిన పాత పట్టీల మువ్వలు ఆరు, కంకులతోపాటు అంచున కట్టాడు.

సాయంత్రం ఇంటివెనుక పంటబోదెలో మోకాలిలోతు నీళ్ళలోకి ఇద్దరమూ దిగాము. ముందు వాడు, వెనుక నేను, ప్రభలు మోసేవాళ్ళలా "అశ్శరభ శరభ" అని అరుస్తూ అవతలి గట్టెక్కాము. గుడ్డ తడిసింది గానీ ఒక్క ముడీ జారలేదు. ఇంటికొచ్చి లెక్కపెడితే మువ్వలు అయిదే ఉన్నాయి. రేపు బడినుంచి రాగానే బోదెలో వెతుకుదామని, తను వచ్చేదాకా నేనొక్కడినీ దిగకూడదని మాట తీసుకుని, ప్రభను చూరుకింద ఆరబెట్టి పడుకున్నాడు.