తోడుకు వచ్చిన వదినెకే తెల్లమచ్చ కనపడ్డది

మా పెద్దమ్మది పరకాల దిక్కు ఊరు. ముట్లు ఆగిపోయి ఆరేండ్లయినంక మళ్ళ ఎర్రబట్ట అయితుంటే ఎవ్వరికీ చెప్పలే, పత్తి ఏరుడు అయిపోనీ అప్పుడు చూపిచ్చుకుంట అనుకున్నదట. దవఖానకు పోయేసరికే గర్భసంచి మూతి క్యాన్సర్ మూడో స్టేజి. హైదరాబాద్ల వారాలకు వారాలు రేడియేషన్ ఇచ్చిండ్రు, అయినా దక్కలే. ఇప్పటికీ పత్తి చేను పక్కపొంటి పోతే ఆమెనే యాదికొస్తది.

గిదంత కండ్లార చూసి కూడ నాకు 38 వచ్చేదాక నేను గర్భసంచి మూతి టెస్టు చేయించుకోలే. నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, నాకెందుకులే అని. కానీ ఈ టెస్టు ఉన్నదే ఏం లేనోళ్ళ కోసం. ఈ క్యాన్సర్‌కు కారణం హెచ్‌పీవీ అనే వైరస్, ఆడ మగ కలయికల శానమందికి అంటుకుంటది, ఎక్కువ మందికి ఒకటి రెండేండ్లల్ల దానంతట అదే పోతది, కొందరికి మాత్రం లోపల్నే ఉండిపోయి క్యాన్సర్ అయ్యేటందుకు మామూలుగ పదిహేను ఇరవై ఏండ్లు పడ్తది. అన్నేండ్లు మనకు ఏ నొప్పీ తెల్వదు, కానీ చూస్తే దొరుకుతది.

2023ల మహిళా దినోత్సవం నాడు మా తెలంగాణ సర్కారు ఆరోగ్య మహిళ అని మొదలుపెట్టింది గదా, మంగళవారం మంగళవారం సర్కారు దవఖానల ఆడోళ్ళకే చూస్తరు. ఒక్కదాన్నే పోబుద్ధి గాక వదినెను తోడు రమ్మన్న. సిస్టర్ మమ్మల్నిద్దర్ని చూసి, ఈమెకు ఎన్నేండ్లమ్మా అన్నది, 42 అంటే ఈమెది కూడ చూద్దాం అన్నది.

భయపడేటంత ఏం లేదు, సిగ్గైతే అయితది, అబద్ధం చెప్ప. కాళ్ళు మడిచి పండుకోవాలె, ఒక పరికరం పెట్టి మెల్లగ తెరుస్తరు, ఒళ్ళు బిగబడితేనే నొప్పి, గాలి పీల్చుకుని వదిలేస్తే ఏం గాదు. దూదితోని ఎసిటిక్ యాసిడ్, అంటే వెనిగర్‌ల ఉండేదే, నీళ్ళు కలిపింది, గర్భసంచి మూతికి అద్ది ఒక నిమిషం ఆగుతరు. తేడా ఉన్న కాడ తెల్లగ అయితది. నాకు ఏం లేదు. వదినెకు కనపడ్డది.

ఆ రాత్రంత వదినె ఏడుస్తనే ఉన్నది. తెల్లమచ్చ అంటే క్యాన్సర్ కాదు, ఇంకా చూడాలె అని మాత్రమే అని ఎంత చెప్పినా, "మీ అన్నకు ఏమని చెప్పాలె, వైరస్ అంటే నన్నేమనుకుంటడు" అని అదొక్కటే. డాక్టర్ మేడం కూడ ఆమెకు చెప్పింది, పెండ్లయిన ఏ ఆడామెకైనా అంటుకుంటదమ్మా, ఇది తప్పు చేసినోళ్ళకు వచ్చే రోగం కాదు అని. ఈలోపట ఊర్ల ఆర్‌ఎంపీ ఏమన్నడో తెలుసా, గర్భసంచి తీపిచ్చేసుకో, లేకుంటే ముదురుతదట! మా దిక్కు ముప్పై ఐదేండ్లకే గర్భసంచి తీపిచ్చుకున్నోళ్ళు ఎంతమందో, అందుల నిజంగ అవసరం పడ్డోళ్ళు ఎందరో అని నాకు కడుపు తరుక్కుపోతది.

పెద్ద దవఖానల కాల్పోస్కోపీ, అంటే గర్భసంచి మూతిని పెద్దగ చూపే పరికరంతోని చూసుడు, చేసి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కు పంపిచ్చిండ్రు. పది దినాలకు రిపోర్టు, క్యాన్సర్ కాదు, దానికి ముందటి మార్పు, సీఐఎన్ 2 అంటరు. గర్భసంచి జోలికే పోలే. వేడి చేసే సన్న ప్రోబ్ పెట్టి అక్కడి మట్టుకు కాల్చేసిండ్రు, నిమిషం కూడ పట్టలే, అదే పూట ఇంటికొచ్చినం. కొన్ని వారాలు నీళ్ళలెక్క పోయింది, నెల దాటేదాక భార్యాభర్తలు దూరం ఉండాలన్నరు. ఏడాదికి మళ్ళ చూపిచ్చుకోవాలె.

అన్నకు నేనే చెప్పిన. శానసేపు ఏం మాట్లాడలే, తర్వాత ఈ వైరస్ రాకుండ బిడ్డకు సూది ఉన్నదంటగదా, ఎప్పుడు ఏపియ్యాలె అని అడిగిండు. తొమ్మిది నుంచి పద్నాలుగేండ్ల దాక పిల్లలకు ఆర్నెల్ల తేడాతోని రెండు డోసులు అని మాకు చెప్పిండ్రు. మా మేనకోడలుకు పదకొండేండ్లు, ఒక డోసు అయ్యింది, రెండోది దసరా దాటినంక.

30 నుంచి 65 దాక ఐదేండ్లకోసారి చూపిచ్చుకోవాలె అని చెప్తే మా అత్తమ్మ "నాకు 59 గదనే, నేను గూడ రావాల్నా" అన్నది. వచ్చే మంగళవారం ఆమెను తీస్కపోతున్న, వదినె కూడ వస్తనన్నది, తోడుకు.