సింహాచలం గిరి ప్రదక్షిణ: అప్పన్న కొండ చుట్టూ రాత్రంతా నడక

గిరి ప్రదక్షిణ అనగానే ఇప్పుడందరూ అరుణాచలం అంటున్నారు గానీ మా ఉత్తరాంధ్ర వాళ్ళకి మాత్రం సింహాచలమే, మేం అప్పన్న అని పిలుచుకునే వరాహ లక్ష్మీనరసింహస్వామి కొండ. ఆషాఢ శుద్ధ చతుర్దశి మధ్యాహ్నం మొదలై పౌర్ణమి తెల్లవారేదాకా జనం నడుస్తూనే ఉంటారు. సింహగిరి చుట్టూ 32 కిలోమీటర్లు, చాలామందికి కాళ్ళకి చెప్పులు కూడా ఉండవు. కొండ చుట్టూ అంటే అడవి దారి అనుకునేరు, అదేం కాదు, విశాఖపట్నం ఊళ్ళోంచే నడవాలి. హైవే దాటాలి, సముద్రం ఒడ్డుకి దిగాలి, కాలనీలు, జంక్షన్లు, ఫ్లైఓవర్లు అన్నీ చూసుకుంటూ కొండని ఎప్పుడూ కుడిచేతి వైపు పెట్టుకుని తిరిగి రావాలి.

చీపురుపల్లి నుంచి మా పెద్దమ్మ ఏటా వస్తుంది. ఈసారి నేనూ వస్తానంటే నా ఒంటి వంక ఓసారి చూసి "నడగ్గలవా నాన్నా?" అంది. మేం వచ్చిన రైలు నిండా ఇదే జనం. మా జిల్లాల్లో ఓ వీధిలో నిలబడి అప్పలరాజూ, సింహాచలం, అప్పలనరసమ్మా అని కేకేస్తే కనీసం ముగ్గురు పలుకుతారు. స్వామి పేరు పెట్టుకున్న వాళ్ళంతా ఆ రోజు ఇక్కడే ఉన్నారేమో అనిపించింది. ఒరిస్సా వైపు నుంచి వచ్చినవాళ్ళూ చాలామందే ఉన్నారు.

నడక మొదలయ్యేది కొండ కింద తొలి పావంచా దగ్గర, అంటే పైకి వెళ్ళే మెట్లలో మొదటి మెట్టు. అక్కడ కొబ్బరికాయ కొట్టి, దణ్ణం పెట్టుకుని బయల్దేరాలి. చెప్పడానికి సులువే. మేం చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది, అప్పటికే కొట్టిన కాయలు గుట్టలు పడి ఉన్నాయి. కొబ్బరినీళ్ళు రోడ్డు మీదకి పారి కాలు జారుతోంది, అందులో పెంకుముక్కలు, కర్పూరం మసి, పులిసిన వాసన. పనివాళ్ళు పారలతో ఎత్తి ట్రాక్టర్లోకి పోస్తుంటే వెనకాలే మళ్ళీ గుట్ట లేస్తోంది. పెద్దమ్మ కొంగులో మూటగట్టి తెచ్చుకున్న కాయ తీసింది, ఇంటి దగ్గరే పసుపు రాసి బొట్టు పెట్టినది. ఆ తోపులాటలోనే ఎవరిదో భుజం సందులోంచి చెయ్యి పెట్టి ఒక్క దెబ్బకి పగలగొట్టింది. నా కాయకి నాలుగు దెబ్బలు పట్టాయి.

స్వామి పుష్పరథం కూడా ఇక్కడి నుంచే కదులుతుంది. ఈ దేవస్థానానికి పూసపాటి వారు అనువంశిక ధర్మకర్తలు, మామూలుగా జెండా ఊపి రథాన్ని పంపేది వాళ్ళే. చాలామంది మాత్రం రథం కోసం ఆగరు, పొద్దున్నే బయల్దేరిపోయినవాళ్ళు కూడా ఉంటారు. మేం రథం వెనకాల కొంచెం దూరం నడిచాం గానీ డప్పులు, గోవింద నామాల మధ్య ఊపిరాడక పక్కకి తప్పుకుని ముందుకెళ్ళిపోయాం.

అడవివరం, పైనాపిల్ కాలనీ, ముడసర్లోవ. దారి మొత్తంలో నాకు నచ్చిన ముక్క ఇదే. చెట్లుంటాయి, రిజర్వాయరు మీంచి గాలి వస్తుంది, కాళ్ళింకా మన మాట వింటాయి. అసలు పండగ మాత్రం హనుమంతవాక దాటాక రోడ్డు పక్కన మొదలవుతుంది. మజ్జిగ, పులిహోర, ఉడకబెట్టిన సెనగలు, అరటిపళ్ళు, టీ, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మోకాళ్ళకి కొట్టే నొప్పుల స్ప్రే వరకు అన్నీ ఊరికే ఇస్తారు. అపార్ట్‌మెంట్ వాళ్ళు ఒకచోట, ఆటో స్టాండ్ కుర్రాళ్ళు ఒకచోట టేబుళ్ళు వేసుకుని "తీసుకో అమ్మా, తీసుకోండి బాబూ" అని బతిమాలుతుంటారు. వద్దంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. ఎంవీపీ కాలనీలో ఓ ఏడెనిమిదేళ్ళ పిల్లాడు బిస్కెట్ ప్యాకెట్ల డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. నడిచేవాళ్ళ చేతులు రెండూ అప్పటికే నిండిపోయి ఎవరూ తీసుకోవట్లేదు. పెద్దమ్మ సంచి అప్పటికే అరటిపళ్ళతో ఉబ్బి ఉన్నా ఆగి, రెండు ప్యాకెట్లు తీసుకుని, "మా మనవడికి ఇంకోటియ్యరా" అని మూడోది కూడా అడిగి మరీ పుచ్చుకుంది. వాడి ఆనందం చూడాలి. స్వామికి వాళ్ళు చేసే పూజ అదేనని నాకనిపిస్తుంది, నడిచేవాళ్ళ పుణ్యంలో సగం వాళ్ళకే రాసివ్వొచ్చు.

అయితే ఒకటి, తిన్నవి ఎక్కడపడితే అక్కడ పారేస్తారు. పేపరు ప్లేట్లు, కప్పులు, చల్లారిన పులిహోర, వాటి మీదే వట్టి కాళ్ళతో వేలమంది నడవాలి. ప్రతి టేబుల్ దగ్గరా ఓ పెద్ద డబ్బా పెట్టి ఒక మనిషిని నిలబెడితే చాలు కదా. డీజే బాక్సుల గురించి చెప్పను, చెబితే కోపం వస్తుంది.

జోడుగుళ్ళపాలెం దగ్గర సముద్ర స్నానం. మేం చేరేసరికి చీకటి పడింది, ఒడ్డంతా లైట్లు పెట్టారు, పోలీసులు, గజ ఈతగాళ్ళు లోపలికి పోనివ్వకుండా కాస్తున్నారు. కుర్రాళ్ళు మునుగుతున్నారు, పెద్దవాళ్ళు మోకాలి లోతులో నిలబడి మూడుసార్లు నెత్తిన జల్లుకుని వచ్చేస్తున్నారు. పెద్దమ్మ కూడా జల్లుకోవడంతోనే సరిపెట్టింది. తడిబట్టల్లో ఇసుకతో ఇంకా సగానికి పైగా దారి నడిస్తే తొడలు ఒరుసుకుపోతాయని ఆవిడకి తెలుసు. మునిగినవాళ్ళు వెంకోజీపాలెం వచ్చేసరికి కాళ్ళు ఎడంగా వేసుకుని నడుస్తున్నారు.

ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, సీతమ్మధార. ఇక్కడికొచ్చేసరికి మాటలు తగ్గుతాయి. గోవిందా అనేవాళ్ళు కూడా గుంపులో ఒకళ్ళిద్దరే మిగులుతారు. తారురోడ్డు మీద ఉండే సన్న కంకర పగలు తెలీదు, ఆ వేళకి ఒక్కొక్కటీ లెక్కపెట్టి తెలుస్తుంది. అప్పుడు గమనించాను, జనమంతా రోడ్డు అంచున ఉండే తెల్లగీత మీద ఒకళ్ళ వెనక ఒకళ్ళు నడుస్తున్నారు. రంగు వేసిన చోట నున్నగా ఉంటుంది, కాలికి హాయి. గీత అరిగిపోయిన చోట అందరి నోటా ఒకేసారి "అబ్బా" అని వినబడేది. రోడ్డు మీద ఆ గీత దేనికోసం వేశారోగానీ మా పాలిట మాత్రం పట్టుతివాచీ.

కంచరపాలెం దాటి మాధవధార చేరాక నాకు కూర్చోవాలనిపించింది. అక్కడ అరుగుల మీద, షట్టర్ల ముందు జనం పడుకుని నిద్రపోతున్నారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. "కూకున్నామంటే మరి లెగలేం నాన్నా, నిలబడే నీళ్ళు తాగీ" అంది. ఇక్కడి నుంచి కొండ మీదుగా సింహాచలానికి అడ్డదారి కూడా ఉంది. ఆ మాట పైకి అననైతే లేదు గానీ ఓసారి కొండవైపు చూశాను.

ఎన్‌ఏడీ జంక్షన్, గోపాలపట్నం, పాత గోశాల, మళ్ళీ తొలి పావంచా. మళ్ళీ కొబ్బరికాయ. చాలామంది ఇక్కడే దణ్ణం పెట్టుకుని ఇళ్ళకి వెళ్ళిపోతారు, ప్రదక్షిణ పూర్తయినట్టే. నడవలేనివాళ్ళు పౌర్ణమినాడు పైన గుడి చుట్టూ తిరిగి మొక్కు తీర్చుకుంటారు. పెద్దమ్మకి దర్శనం లేకుండా వెళ్ళడం ఇష్టం లేదు, ఎందుకంటే ఆ రోజు నాలుగో విడత చందనం. ఇక్కడి వరాహ లక్ష్మీనరసింహస్వామి నిజరూపం కనిపించేది ఏడాదికి ఒక్క రోజే, అక్షయ తృతీయకి. ఆ రాత్రే మూడు మణుగుల చందనం పూస్తారు, అంటే సుమారు 125 కిలోలు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మూడేసి మణుగుల చొప్పున. మొత్తం పన్నెండు మణుగులు ఈ ఆషాఢ పౌర్ణమితో పూర్తవుతాయి. కొన్ని రోజుల ముందునుంచే గుడిలో చెక్కలు అరగదీసి దీన్ని సిద్ధం చేస్తారు. స్వామి ఉగ్రరూపం చల్లబడాలని చందనమని పెద్దవాళ్ళు చెబుతారు.

క్యూలో అందరూ ఎవరి కాళ్ళు వాళ్ళు ఎత్తి చూసుకుంటున్నారు, ఎవరికెన్ని బొబ్బలొచ్చాయో పోటీ నడుస్తోంది. తీరా లోపలికెళ్ళాక నాకు కనిపించింది అర్చకుడి వీపు, దాని పక్కన కాస్త చందనం రంగు, అంతే, ముందుకి నెట్టేశారు. పెద్దమ్మకి మాత్రం స్వామి నిండుగా కనిపించాడట. ఎలాగంటే, పక్కనున్నావిడ జరిగి చోటిచ్చిందట. కొండ దిగే బస్సులో నన్ను వెనక్కి పంపేసి ఆవిడ పక్కనే కూర్చుని ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, కోడలు బాగా చూస్తుందా, అన్నీ కనుక్కుంది. బస్సు దిగేలోపు నా ఫోన్ అడిగి తీసుకుని ఆవిడ నంబరు అందులో ఎక్కించేసింది, వచ్చే ఏడాది రైల్లో ఆవిడకి కూడా చోటు పట్టమని నాకు పురమాయింపు.