విశాఖ ఎత్తుల మీద బరువైన సైకిలు

ఎం.వి.పి. కాలనీ నుంచి మహారాణిపేటలోని ఆఫీసుకు మా నాన్నగారి పాత అట్లాస్ సైకిలు మీద వెళ్తానని తెలియగానే, "అంత బరువు బండిని ఈ ఎత్తుల్లో ఎలా తొక్కుతారండీ?" అని చాలామంది అడుగుతారు. కొండల నడుమ పెరిగిన ఊరు కనుక ఆ సందేహం సహజమే. అయితే ఈ విషయంలో నింద మొత్తం బరువు మీదే వేయడం న్యాయం కాదని నా గట్టి అభిప్రాయం.

కడ్డీ బ్రేకులు, ఇనుప చైన్ కవరు, కారియర్, పెద్ద స్టాండు అన్నీ కలిపి ఇలాంటి సైకిలు 20 కిలోల దాకా తూగుతుంది. తేలికపాటి కొత్త సైకిలును 12 కిలోలనుకుంటే, 65 కిలోల మనిషి ఎక్కిన తరువాత ఒకటి 85 కిలోలు, మరొకటి 77 కిలోలు అవుతాయి. అంటే ఎత్తు ఎక్కేటప్పుడు పడే అదనపు శ్రమ దాదాపు పదో వంతు మాత్రమే. చదును రోడ్డు మీద, వేగం అందుకున్నాక, ఆ తేడా తెలియనే తెలియదు. అసలు ఇబ్బంది పళ్ల చక్రాల దగ్గర ఉంది. ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉండే ఈ సైకిళ్లలో పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు 5.4 మీటర్లు ముందుకు పోతుంది. మైదానపు ఊళ్లకు సరిపోయే ఈ అమరిక సిరిపురం ఎత్తుకు సరిపోదు. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ (వెనక పళ్ల చక్రం) వేయిస్తే అదే చుట్టుకు బండి సుమారు 4.4 మీటర్లే సాగుతుంది కానీ, కాలి మీద పడే భారం సుమారు 18 శాతం తగ్గుతుంది. సైకిలు బరువు వల్ల వచ్చే కష్టం కంటే ఈ చిన్న మార్పు వల్ల కలిగే సుఖమే ఎక్కువ.

ఇక దారి. పెదవాల్తేరు, యూనివర్సిటీ, సిరిపురం మీదుగా పోతే ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది. అందుకే నేను లాసన్స్ బే దగ్గర బీచ్ రోడ్డు అందుకుని, సబ్‌మెరైన్ మ్యూజియం, ఆర్.కె. బీచ్ దాటి, కోస్టల్ బ్యాటరీ తరువాత వచ్చే ఒక్క ఎత్తును మాత్రం ఓపికగా ఎక్కుతాను. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలి ఉంటుంది కనుక, వేసవిలోనూ వానకాలంలోనూ వీచే నైరుతి గాలి వెళ్లేటప్పుడు ఎదురై, వచ్చేటప్పుడు వెన్ను తడుతుంది. ఉదయం ఆ గాలి ఇంకా బలం పుంజుకోకముందే బయలుదేరితే తొందర ఉండదు, చొక్కా కూడా అంతగా తడవదు.

సముద్రం పక్కన ఇనుము నిలవాలంటే శ్రద్ధ తప్పదు. రిమ్ములను, బ్రేకు కడ్డీల కీళ్లను నూనె గుడ్డతో తుడవకుండా వదిలేస్తే ఉప్పుగాలికి ఎర్రటి పొడి రాలడం మొదలవుతుంది. పెడల్ తొక్కినప్పుడల్లా "టక్" మని చప్పుడు వస్తుంటే అది చాలావరకు కాటర్ పిన్నుదే, అంటే పెడల్ ఉండే క్రాంకు కడ్డీని ఇరుసుకు బిగించే మేకుదే. చినవాల్తేరులో నా సైకిలు బాగుచేసే పెద్దాయన కొత్త పిన్నును నేరుగా దిగ్గొట్టరు. దాని ఏటవాలు ముఖాన్ని ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్ది, పెట్టి చూసి, మళ్లీ తీసి రుద్ది, రెండు క్రాంకులూ ఒకే గీతలో నిలిచాకే సుత్తి అందుకుంటారు. "తొందరపడి కొట్టేస్తే పెడల్ వంకరగా తిరుగుద్ది బాబూ" అంటారు ఆయన. ఆ చేతి పనికి ఎంత ఇచ్చినా తక్కువే అనిపిస్తుంది. 2020 జూన్ 3న, ప్రపంచ సైకిల్ దినం నాడే, సాహిబాబాద్‌లోని అట్లాస్ కర్మాగారం మూతపడిన వార్త చదివి నేను నిజంగా బాధపడ్డాను. అయినా ఈ తరహా సైకిళ్లన్నీ దాదాపు ఒకే కొలతలతో తయారైనవి కనుక టైర్లు, బేరింగ్ కప్పులు, బ్రేకు రబ్బర్లు ఇప్పటికీ దొరుకుతున్నాయి.

ఒక్క విషయంలో మాత్రం ఈ బండిని వెనకేసుకురాను. తడిసిన స్టీలు రిమ్ము మీద బ్రేకు రబ్బరు పట్టదు. వాన పడుతున్నప్పుడు మీటలను ముందే మెల్లగా నొక్కి ఉంచితే రబ్బరు నీటిని తుడిచి కొంత పట్టు ఇస్తుంది గాని, కలెక్టరాఫీసు నుంచి బీచ్ వైపు దిగే వాలులో దాన్ని నమ్ముకోకూడదు. అక్కడ నేను దిగి నడిపించుకుంటూ వెళ్తాను.