చెల్లెలి నోటుపుస్తకంలోని తేదీలు

కుటుంబ రహస్యం చుట్టూ అల్లిన నవలలంటే నాకు చాలాకాలంగా ఇష్టం, కానీ వాటిలో దాచిపెట్టిన విషయం ఏమిటన్నది నన్ను ఎప్పుడూ పెద్దగా పట్టి ఉంచలేదు. అలాంటి నవలలు నాలుగు చదివిన పాఠకులెవరైనా ఆ విషయాన్ని సగం దారిలోనే పసిగట్టేస్తారు. ఎవరు దాచారు, ఎవరి నుంచి దాచారు, చివరికి ఎవరు నోరు విప్పారు అన్నదే నాకు ముఖ్యం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు విడిపోయిన కథను మనకు చెప్పేది ఎప్పుడూ బతికి మిగిలిన ఆమే. చనిపోయిన ఆమె వైపు వాదన కూడా ఈమె నోటి మీదుగానే మన దాకా రావాలి. అందువల్ల చేజారిన ప్రేమ గురించి రాసినట్టు కనిపించే ఈ నవలల్లో అసలు కోల్పోయింది ప్రియుణ్ణి కాదనీ, తోబుట్టువుని అనీ నాకు గట్టిగా అనిపిస్తుంది. ఈ మాట వివరంగా చెప్పాలంటే కథలు పూర్తిగా విప్పక తప్పదు కనుక, ఇంకా చదవనివారు ఇక్కడ ఆగిపోవచ్చు.

కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ రాసిన 'ది బ్లైండ్ అసాసిన్' 2000లో వెలువడి, అదే ఏడాది బుకర్ బహుమతి పొందింది. అంటారియోలోని పోర్ట్ టికాండెరోగా అనే కల్పిత పట్టణంలో బొత్తాల ఫ్యాక్టరీ నడిపిన చేజ్ కుటుంబపు కథ ఇది. ఆ ఇంటి పెద్ద కూతురు ఐరిస్, ఎనభై దాటిన వయసులో ఒంటరిగా ఉంటూ, గుండె జబ్బుతో ఈడ్చుకొస్తూ, దూరమైపోయిన మనవరాలు సబ్రినా కోసం తన జీవితాన్ని కాగితం మీద పెడుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన పది రోజులకు తన చెల్లెలు లారా కారును వంతెన మీద నుంచి లోయలోకి నడిపిందన్న సంగతిని ఆమె మొదటి వాక్యంలోనే చెప్పేస్తుంది. చావును ముందు పెట్టి, కారణాన్ని ఐదువందల పేజీల అవతల పెట్టిన ఈ అమరిక నాకు ఎంతో నచ్చింది, ఎందుకంటే ఏం జరిగిందన్న కుతూహలం తీరిపోయాక మిగిలేది, అక్క ఎందుకు ఇన్నాళ్ళు నోరు మెదపలేదన్న ప్రశ్న ఒక్కటే.

ఆ ప్రశ్నకు జవాబు వాళ్ళ చిన్నతనంలోనే మొదలవుతుంది. తల్లి మరణశయ్య మీద ఉండి, లారాకు మంచి అక్కగా ఉండమని ఐరిస్‌ను కోరుతుంది. ఎప్పుడూ తానే మంచి అక్కగా ఎందుకుండాలి, లారా తనకు మంచి చెల్లెలిగా ఉండాలని ఎవరూ ఎందుకు చెప్పరని ఆ పసిపిల్ల లోపల్లోపల మండిపడుతుంది. పెద్దదానివి నువ్వే సర్దుకుపోవాలి అన్న మాట వింటూ పెరిగిన మన ఇళ్ళలోని అక్కలకు ఆ పేజీని ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. లారా స్వభావం అందుకు పూర్తిగా భిన్నమైనది. దేవుడితో బేరం కుదుర్చుకోవచ్చని ఆ పిల్ల మనస్ఫూర్తిగా నమ్ముతుంది. తన ప్రాణం ఇస్తే అమ్మ తిరిగి వస్తుందని నదిలోకి దూకేస్తుంది. అక్క పట్టుకుని బయటికి లాగుతుంది గానీ, ఆ క్షణంలో చేయి వదిలేయడం ఎంత సులువో తనకు తట్టిందన్న సంగతిని జీవితాంతం మరచిపోదు. ఈ నది ఘట్టాన్ని ఎవరూ తేలిగ్గా దాటిపోకూడదు, ఎందుకంటే లారా పెద్దయ్యాక చేసిన పని కూడా సరిగ్గా ఇలాంటి బేరమే.

1934లో ఫ్యాక్టరీవాళ్ళు ఏర్పాటు చేసిన విందులో అలెక్స్ థామస్ అనే యువకుడు ఈ ఇద్దరికీ పరిచయమవుతాడు. తల్లిదండ్రులెవరో తెలియని అనాథ, వామపక్ష ఉద్యమాల్లో తిరిగే మనిషి. ఫ్యాక్టరీ తగలబడినప్పుడు అనుమానం అతని మీదికి వస్తే, అక్కచెల్లెళ్ళిద్దరూ తమ ఇంటి అటక మీద అతన్ని దాచిపెడతారు. ఇద్దరూ కలిసి కాపాడిన రహస్యం ఆ నవలలో అదొక్కటే. ఆ తర్వాత ఎవరి రహస్యం వాళ్ళదే. మూతపడబోతున్న ఫ్యాక్టరీని నిలబెట్టుకోవడానికి తండ్రి తన పద్ధెనిమిదేళ్ళ పెద్ద కూతుర్ని రిచర్డ్ గ్రిఫెన్ అనే పారిశ్రామికవేత్తకు కట్టబెడతాడు. పెళ్ళయ్యాక ఐరోపా ప్రయాణంలో ఉండగా తండ్రి చనిపోయాడని లారా పంపిన టెలిగ్రాములను రిచర్డ్ భార్యకు చూపించకుండా దాచేస్తాడు. కబురు అందినా అక్క రాలేదని చెల్లెలు, కబురే రాలేదని అక్క: వాళ్ళిద్దరి మధ్య మొదటి అగాధం మూడో మనిషి చేతిలో నలిగిన కాగితాల వల్ల ఏర్పడింది.

తర్వాత ఐరిస్ టొరంటోలో అలెక్స్‌ను రహస్యంగా కలుసుకోవడం మొదలుపెడుతుంది. అద్దె గదుల్లో అతను ఆమెకు చెప్పే వింత గ్రహాల కథ నవలలో మరో నవలగా సాగుతుంది. ఆ భాగాన్ని చాలామంది మెచ్చుకుంటారు. నా దృష్టి మాత్రం ఆ గదుల బయట, రిచర్డ్ ఇంట్లో, పట్టించుకునేవారు లేకుండా ఉన్న లారా మీదే ఉంటుంది. బావ తన జోలికి వస్తున్నాడన్న సంగతి ఆ పిల్ల అక్కకు చెప్పదు. కాదంటే అలెక్స్‌ను పోలీసులకు పట్టిస్తానని రిచర్డ్ బెదిరించాడు, తాను ఓర్చుకుంటే అతని ప్రాణం నిలుస్తుందని ఆమె నమ్మింది. చిన్నప్పుడు తల్లి కోసం నదితో చేసిన బేరాన్ని ఇప్పుడు అలెక్స్ కోసం తన ఒంటితో చేసింది. ఆమె గర్భవతి అయినప్పుడు మతి చలించిందని చెప్పి ఒక ఆసుపత్రికి తరలిస్తారు, అక్క ఆ మాటను సగం నమ్మి, సగం నమ్మక, అలాగే ఊరుకుంటుంది.

యుద్ధం ముగిశాక అక్కచెల్లెళ్ళు మళ్ళీ కలుస్తారు. అలెక్స్ తిరిగి వస్తాడనే ఆశతో లారా ఎదురుచూస్తూ ఉంటుంది. అప్పుడు ఐరిస్, అలెక్స్ యుద్ధంలో చనిపోయాడనీ, ఆ టెలిగ్రాం తనకే వచ్చిందనీ, తామిద్దరూ చాలాకాలంగా ప్రేమించుకున్నారనీ చెప్పేస్తుంది. ఒకప్పుడు దాచిన టెలిగ్రాం చేసిన గాయాన్ని ఇప్పుడు బయటపెట్టిన టెలిగ్రాం చేసింది. నిజం చెబితే అన్నీ చక్కబడతాయని మనం పిల్లలకు నేర్పుతాం. ఈ నవల అందుకు ఒప్పుకోదు. ఐరిస్ చెప్పిన ప్రతి మాటా నిజమే, కానీ ఆ నిజాన్ని ఆ రోజు బయటికి తెచ్చింది అసూయ. లారా ఏమీ అనదు. అక్క చేతిసంచిలోని కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోతుంది.

ఈ నవలలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేవి లారా వదిలివెళ్ళిన నోటుపుస్తకాలు. బడిలో వాడిన పాత పుస్తకాలవి, అక్క మేజోళ్ళు పెట్టుకునే సొరుగులో ఆమె కంటపడేలా పెట్టింది. గణితం అని రాసి ఉన్న పుస్తకంలో లెక్కలేవీ లేవు. వరుసగా తేదీలు, పక్కన ఊళ్ళ పేర్లు, ఓడ పేరు, భవనం పేరు, వాటి ఎదురుగా 'వద్దు' అన్న ఒక్క మాట. అలా కొన్నిసార్లు 'వద్దు' అని రాసుకుంటూ వచ్చి, రిచర్డ్ పడవ పేరు దగ్గర ఆ మాట స్థానంలో ఒక X గుర్తు ఉంటుంది. ఆ తేదీల్లో చాలావాటికి తాను అదే ఊళ్ళో, అదే ఇంట్లో, గోడ ఇవతల ఉన్నానని ఐరిస్‌కు అప్పుడు అర్థమవుతుంది. వందల పేజీలు రాసిన అక్క చెప్పలేకపోయినదాన్ని చెల్లెలు అరపేజీలో చెప్పింది. ఫిర్యాదు లేదు, వివరణ లేదు, చదివి తెలుసుకునే బాధ్యతను మాత్రం అక్కకే వదిలింది.

1947లో ఐరిస్ తన ప్రేమకథను నవలగా అచ్చువేయించి, రచయిత్రి పేరు లారా చేజ్ అని పెడుతుంది. ఆ పుస్తకం లారాను ప్రసిద్ధురాలిని చేస్తుంది, ఎవరెవరో వచ్చి ఆమె సమాధి మీద పూలు ఉంచిపోతుంటారు. ఇది చెల్లెలికి అక్క ఇచ్చిన కానుక అని చదివేవారున్నారు. నేను అంత సులువుగా ఒప్పుకోలేను. లారా అనుభవించింది ఆ నోటుపుస్తకంలోని తేదీలనే, అద్దె గదుల్లోని ప్రేమను కాదు. లోకం ఆమెను చేయని పనికి గుర్తుపెట్టుకుంది, చేసిన త్యాగం మరుగున పడిపోయింది. రిచర్డ్ పరువు తీసి అతన్ని కూల్చడానికి కూడా ఆ పుస్తకమే ఐరిస్‌కు ఆయుధమైంది. ప్రేమ, పశ్చాత్తాపం, పగ ఒకే చేతిలోంచి వచ్చాయి కాబట్టే ఐరిస్‌ను నేను దోషి అని తోసేయలేను, క్షమించి ఊరుకోలేను కూడా.

ఒక ఏడాది తర్వాత, 2001లో, ఇంగ్లండు రచయిత ఇయన్ మెక్‌యూవన్ నవల 'అటోన్‌మెంట్' వచ్చింది. అక్కడ తప్పు చేసింది చెల్లెలు. 1935 వేసవిలో పదమూడేళ్ళ బ్రయనీ ఇచ్చిన తప్పుడు సాక్ష్యంతో, అక్క సిసీలియా ప్రేమించిన రాబీ టర్నర్ జైలుకు వెళతాడు. సిసీలియా పుట్టింటివాళ్ళందరితో తెగతెంపులు చేసుకుని నర్సు పనిలో చేరుతుంది. రచయిత్రి అయిన బ్రయనీ ముసలితనంలో ముగించిన తన నవలలో ఆ ఇద్దరినీ కలిపి బతికిస్తుంది. నిజానికి ఇద్దరూ 1940లోనే చనిపోయారు, తాను అక్క గుమ్మం తొక్కి క్షమాపణ అడిగిన ఘట్టం కూడా కల్పితమే. పాఠకులు ఎక్కువగా రాబీ, సిసీలియాల కోసం ఏడుస్తారు. నాకు మాత్రం ఆ జరగని భేటీలో సిసీలియా చెల్లెల్ని క్షమించలేదన్న వివరమే పెద్దది. ప్రేమికులకు సుఖాంతం కల్పించగలిగిన బ్రయనీ, అక్క తనను క్షమించడాన్ని మాత్రం తనకు తాను రాసిచ్చుకోలేదు. ఆ ఒక్కచోట ఆమె నిజాయితీని నేను నమ్ముతాను.

అమెరికన్ రచయిత్రి బ్రిట్ బెనెట్ 2020లో రాసిన 'ది వానిషింగ్ హాఫ్' దారి వేరు. లూయిజియానాలోని మాలార్డ్ అనే ఊరు నుంచి పారిపోయిన నల్లజాతి కవలల్లో స్టెల్లా తెల్లజాతి మనిషిగా చలామణీ అవుతూ కొత్త జీవితం కట్టుకుంటుంది, డెజిరే కూతురితో పుట్టింటికి తిరిగి వస్తుంది. ఇక్కడ ఇద్దరూ బతికే ఉన్నారు, అయినా రహస్యాన్ని ఛేదించేది వాళ్ళు కాదు, వాళ్ళ కూతుళ్ళు. డెజిరే కూతురు జూడ్, తాతగారి అంత్యక్రియల రోజున తీసిన, కవలలిద్దరూ కలిసి ఉన్న ఫోటోను పిన్ని కూతురు కెనెడీకి చూపిస్తుంది. ఆట్‌వుడ్ నవలలోనూ ఒక ఫోటో ఉంది: ఆ విందునాడు అలెక్స్‌కు చెరో పక్కన కూర్చున్న అక్కచెల్లెళ్ళది. లారా రెండు ప్రతులు తీసి, ఒక్కోదానిలో ఒక్కొక్కరిని కత్తిరించి, కత్తిరించిన మనిషి చేయి మాత్రం అంచున ఉంచింది. ఆ ఇద్దరు పిల్లలు ఎవరికివారు అలెక్స్‌ను దక్కించుకున్న బొమ్మలో అవతలిదాని చేయి వదలకుండా ఉండటంలోని అర్థాన్ని ఆ కాలంలో వాళ్ళే గుర్తించలేదు.

ఐరిస్ కథనం చివరికి సబ్రినాకు తన తాత రిచర్డ్ కాదనీ, ఊరూ పేరూ లేని అలెక్స్ అనీ చెబుతుంది. అది చదివాక ఆ అమ్మాయి ఏం చేసిందో ఆట్‌వుడ్ రాయలేదు. వారసత్వంగా వచ్చిన రహస్యం తెలిశాక పిల్లలు ఎలా బతుకుతారు, తల్లులకు తెలియకుండా ఒకరికొకరు ఫోన్ చేసుకుంటూ చుట్టరికాన్ని ఎలా నిలుపుకుంటారన్న భాగాన్ని బెనెట్ రాసింది కనుక, ఈ రెంటినీ ఒకదాని వెంట ఒకటి, ఆట్‌వుడ్ ముందు, బెనెట్ తర్వాత, చదవమని అడిగినవారికల్లా చెబుతుంటాను.